మూడో నంబరు మానిటర్

"ఐదింటికి ఎస్సై వస్తాడు బావా. ఇప్పుడు టైము మూడూ నలభై. ఈ గంటా ఇరవై నిమిషాల్లో నువ్వు కొత్తగా పొడిచేదేముంది చెప్పు?"

అన్నది నా భార్య తమ్ముడు. నా దగ్గరే మూడేళ్లు పని నేర్చుకుని, నాలుగో ఏడు నా ఆఫీసుకి ఎదురుగానే సొంత డిటెక్టివ్ ఏజెన్సీ తెరిచిన మహానుభావుడు. ఎండ మండిపోతున్నా మెడలో టై తియ్యడు కాబట్టి ఇంట్లో అందరం వాణ్ణి టై అనే పిలుస్తాం. వాళ్లక్క కూడా అలాగే పిలుస్తుంది.

"పొడిస్తే నువ్వే చూస్తావుగా. పక్కకి జరుగు" అన్నాను.

జరిగాడు కానీ నవ్వు మానలేదు. ఈ కేసులో వాడి క్లయింటు ఒక పెద్ద కంపెనీ. నా క్లయింటు బయట వరండాలో బెంచీ మీద, పనిముట్ల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్న లిఫ్టు మెకానిక్. పదేళ్లుగా మా బిల్డింగు లిఫ్టు ఆయనే చూస్తాడు. పలకరిస్తే తల ఊపడమే తప్ప మాట పెగలని మనిషి. అలాంటివాడు ఆ మధ్యాహ్నం నా ఆఫీసులోకొచ్చి, "మా అమ్మాయి దొంగ కాదు సార్" అని నాలుగుసార్లు చెప్పాడు. నేను ఫీజు సంగతి ఎత్తకుండా చెప్పులేసుకుని బయల్దేరాను.

మేము నిలబడ్డది గేమింగ్ మానిటర్లని పరీక్షించే ల్యాబు. కిటికీలు లేని గది, గోడలకి నల్ల రంగు, పొడవాటి బల్ల, దాని మీద వరసగా నాలుగు మానిటర్లు. నాలుగూ ఒకే సైజు, ఒకే తెర, ఒకే పెట్టె. పేర్లున్న చోట నల్ల టేపు అంటించారు. కింద ఎడమ మూలన తెల్ల స్టిక్కర్లు: ఒకటి, రెండు, మూడు, నాలుగు.

"మొదట్నుంచి చెప్పండి" అన్నాను ల్యాబ్ మేడంతో. ఆవిడదే ఈ ల్యాబు. కళ్లజోడు నెత్తి మీద పెట్టుకుని దానికోసం బల్లంతా వెతికే రకం.

"మీకు ఈ మానిటర్ల గురించి ఎంత తెలుసండీ?"

"పాతికేళ్ల కిందట టీవీలు బాగుచేసేవాణ్ణి."

ఆవిడ మొహం కాస్త తేటపడింది. "అయితే తేలిక. మామూలు తెర సెకనుకి ఇన్నిసార్లని లెక్క ప్రకారం మారిపోతుంది. కానీ ఆట నడుస్తున్నప్పుడు కంప్యూటర్ బొమ్మలు గీసే వేగం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. రెంటికీ పొంతన కుదరకపోతే పై సగం కొత్త బొమ్మ, కింది సగం పాత బొమ్మ పడి, మధ్యలో చిరిగినట్టు కనిపిస్తుంది."

"టైముకి కదిలిపోయే బస్సు."

"అదే. ఇప్పుడొచ్చిన మానిటర్లు షేరాటోలు. మనిషి ఎక్కాకే కదుల్తాయి. బొమ్మ తయారయ్యేదాకా తెర ఆగుతుంది. ఈ ఆగడం నేర్పడానికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి, ఎవరైనా వాడుకోగలిగే ఓపెన్ పద్ధతి. దానికి మామూలు బోర్డు చాలు. రెండోది మీ బావమరిదిని పెట్టుకున్న కంపెనీవాళ్లది. దానికి ప్రత్యేకమైన మాడ్యూల్ ఒకటి పెట్టెలో బిగించాలి. ఏది మేలో తేల్చమని ఆటల పోటీలు పెట్టేవాళ్లు మాకప్పగించారు. ఇంకా మార్కెట్లోకి రాని కొత్త మాడ్యూల్ ఒకే ఒక్కటి వచ్చింది. దాన్ని మూడో నంబరు పెట్టెలో బిగించాం. మిగతా మూడూ ఓపెన్ పద్ధతివి. ఏ నంబరులో ఏముందో నాకూ, దాన్ని బిగించిన వాళ్ల ఇంజనీర్‌కీ, నా బీరువాలో కవరుకీ తప్ప ఎవరికీ తెలీదు. నాలుగింటికీ సీళ్లు వేసి అన్ని పక్షాలూ సంతకాలు చేశాం."

"మరి ఇవాళ మూడోది ఎందుకు విప్పారు?"

"రేపు ఎనిమిది గంటలు ఆపకుండా నడిపే పరీక్ష. దానికి ముందు ఒకసారి మాడ్యూల్ చూసుకుంటామని వాళ్ల ఇంజనీర్ అడిగారు. అందరి ఒప్పుదలతో మధ్యాహ్నం పన్నెండింటికి విప్పాం. లోపల మామూలు బోర్డు ఉంది."

బల్ల చివర నిలబడ్డ ఇంజనీర్ నిట్టూర్చాడు. పల్చటి మనిషి, ఇస్త్రీ నలగని చొక్కా. "రెండేళ్ల కష్టమండీ. ఒక్క పూటలో ఎత్తుకుపోయారు."

టై అందుకున్నాడు. "తలుపు కార్డుల లెక్క నా దగ్గరుంది బావా. నిన్న మధ్యాహ్నం పన్నెండూ యాభైకి స్టోర్ బాబాయ్ వచ్చి మానిటర్లకి చోట్లు మార్చాడు. పరీక్ష రెండో రోజు నుంచి రోజూ ఉండే పనే. కుడివైపుదే బాగుంటుందని పరీక్షించేవాళ్ల కంటికి అలవాటు పడకుండా మారుస్తారట. పదిహేను నిమిషాల్లో వెళ్లిపోయాడు. ఆయన చేతులు వణుకుతాయి, పద్నాలుగు స్క్రూలు విప్పే పని ఆయనవల్ల కాదు. తర్వాత ఒంటిగంటా పది నుంచి ఒకటీ యాభై దాకా ఒక్కటే కార్డు. ఆ మెకానిక్ కూతురిది, ఇక్కడ మానిటర్లు పరీక్షించే అమ్మాయిది. నలభై నిమిషాలు ఒంటరిగా ఉంది."

"సీలు?"

"వేడిగాలి తగిలిస్తే ఏ సీలైనా ఊడి వస్తుంది. వాళ్ల నాన్న సంచిలో వేడిగాలి మిషను ఉంది. నేనే చూశాను."

"లిఫ్టు మెకానిక్ సంచిలో హార్మోనియం ఉంటుందనుకున్నావా?"

వాడికి కాలింది. "నువ్విలాగే జోకులెయ్. ఎస్సై వచ్చి గదికి సీలేశాక ఈ నాలుగూ కోర్టు సాక్ష్యాలు. ఏడాది దాకా ఎవడూ స్విచ్చి కూడా వెయ్యలేడు. ఆ పిల్ల స్టేషన్లో కూర్చుంటుంది."

ఆ మాట నిజమే. దొంగ అని ఒక్కసారి పేరు పడితే ఆ అమ్మాయిని ఈ పనిలో మళ్లీ గడప తొక్కనివ్వరు.

"బాబాయ్ ఏడి?"

"సరుకు తేవడానికి వెళ్లాడు. ఐదు లోపు వస్తాడు. పెట్టెలేమైనా విప్పావా అని మధ్యాహ్నమే అడిగాం, లేదన్నాడు."

పక్కగదిలో అమ్మాయి కూర్చుని ఉంది. పాతికేళ్లుంటాయి. ల్యాబులో అందరూ రెప్ప అంటారు, తెర ముందు కూర్చుంటే రెప్ప వెయ్యదు కాబట్టి. ఏడ్చి కడుక్కున్న మొహం.

"నిన్న ఆ నలభై నిమిషాలూ ఏం చేశావమ్మా?"

"పరీక్షే సార్. చీకటి సీను పెట్టి వేగం తగ్గించుకుంటూ పోయాను."

"భోజనాల వేళ ఎందుకు?"

"పక్కన ఎవరైనా మాట్లాడుతుంటే మినుకు పట్టుకోలేను. అందుకని ఆ టైములో చేస్తాను. ఇంత దూరం వస్తుందనుకుంటే అన్నం తినడానికే పోయేదాన్ని."

"మినుకు అంటే?"

"సెకనుకి నలభై ఎనిమిది బొమ్మల కన్నా తగ్గితే, మానిటర్ ఒక్కో బొమ్మనీ రెండేసిసార్లు చూపించాలి సార్. ఆ గీత దాటినప్పుడల్లా కొన్ని తెరల్లో వెలుగు ఒక్క క్షణం తడబడుతుంది. ముదురు బూడిద రంగులో బాగా తెలుస్తుంది. అందరికీ కనపడదు."

"నీకు?"

"కనపడుతుంది" అంది. అప్పటిదాకా వణికిన గొంతు ఆ ఒక్క మాట దగ్గర వణకలేదు.

"మూడో నంబరులో కనపడిందా?"

"గుర్తులేదు సార్. నిజంగా. ఏ రోజు రాసిన పేజీని అప్పుడే మడిచి పిన్ను కొట్టి మేడంకి ఇచ్చేస్తాం. నిన్న రాసింది ఇవాళ గుర్తుపెట్టుకోకూడదు, అది ఇక్కడి పద్ధతి."

నేను లేచి నిలబడ్డాను. నాలుగూ ఐదు.

"మేడం, పిన్నులు కొట్టిన ఆ పేజీలు కావాలి."

"పరీక్ష అయ్యేదాకా నేనే చూడనండీ!"

"ఎస్సై వస్తే మొదట చూసేది ఆయనే. అంతకన్నా మనం చూసుకోవడం నయం కదా?"

ఆవిడ బీరువా తీసింది. రెప్ప రాసినవి రెండు పేజీలు. మొన్నటి పేజీలో: "ఒకటి మినుకు. రెండు మినుకు. మూడు మచ్చలేదు. నాలుగు మినుకు." నిన్న మధ్యాహ్నానిది: "ఒకటి మచ్చలేదు. రెండు మినుకు. మూడు మినుకు. నాలుగు మినుకు."

టై నా భుజం మీదుగా చదివి చిటికేశాడు. "చూశావా? మొన్న మూడోది బాగుంది, నిన్న పాడైంది. మధ్యలో మాడ్యూల్ పోయింది. తన చేత్తో తనే రాసుకుంది!"

"దొంగతనం చేస్తూ పక్కనే కూర్చుని అది పోయిందని రాసిందా? నీ దగ్గరకొచ్చే దొంగలు భలే మర్యాదస్తులురా. సరే, ఒకటో నంబరు చూడు. మొన్న మినుకుమన్నది నిన్న ఎలా బాగుపడింది?"

వాడు పేజీ లాక్కుని మళ్లీ మొదట్నుంచి చదివాడు.

నేను గదిలోకి వెళ్లి మానిటర్ల ముందు గొంతుక్కూర్చున్నాను. మోకాళ్లు కలుక్కుమన్నాయి. మానిటర్లని కాదు, స్టిక్కర్లని చూశాను. రెండు, నాలుగు చక్కగా అతుక్కుని ఉన్నాయి. ఒకటి, మూడు మాత్రం అంచుల దగ్గర లేచి, జిగురుకి నూగు పట్టి ఉన్నాయి. వాటి పక్కనే వెంట్రుకవాసి మేర పాత జిగురు చార కనిపించింది.

"మేడం, చోట్లు మార్చినప్పుడు నంబరు దేనితో పోతుంది? మానిటర్‌తోనా, బల్ల మీద చోటుతోనా?"

"మానిటర్‌తోనే. అందులో అనుమానమేముంది?"

"ఈ రెండు స్టిక్కర్లనీ ఎవరో పీకి మళ్లీ అంటించారు. మీ మాడ్యూల్ ఎక్కడికీ పోలేదు. ఇప్పుడు ఒకటో నంబరు స్టిక్కరు పెట్టుకుని ఈ బల్ల మీదే ఉంది."

ఇంజనీర్ వెంటనే అందుకున్నాడు. "ఊహలు! సీలున్న పెట్టెలు ఊహల మీద విప్పుతారా? అవతలి పక్షం, ఆ ఓపెన్ పద్ధతివాళ్లు, ఒప్పుకుంటారా?"

"విప్పకుండానే చూద్దాం. ఆ అమ్మాయి కళ్లతో."

"అమ్మాయిని ఎలా నమ్ముతావు బావా? ఏదో ఒకటి చూపిస్తుంది" అన్నాడు టై.

"ఒకసారి చూపిస్తే అదృష్టం. మూడుసార్లూ ఒకదాన్నే చూపిస్తే?"

నాలుగూ ఇరవై ఐదుకి మొదలుపెట్టాం. నంబర్ల మీద నల్ల టేపు అంటించాం. మేడం ఒక్కతే చూసేలా పెట్టెల వెనక సుద్దముక్కతో గుర్తులు పెట్టింది. రెప్పని బయటికి పంపి, నేనూ మేడమూ చోట్లు మార్చాం. చీకటి గది సీను, వేగం నలభైకీ యాభై ఐదుకీ మధ్య ఊగేలా పెట్టాం. నా కంటికి నాలుగూ ఒక్కలాగే ఉన్నాయి.

రెప్ప వచ్చి కూర్చుంది. వాళ్ల నాన్న సంచి భుజానేసుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆయన చూస్తున్నది తెరల్ని కాదు, కూతుర్ని.

"ఎడమ నుంచి మూడోది" అంది రెండు నిమిషాల్లో.

మేడం వెనక్కి వెళ్లి గుర్తు చూసి, కాగితం మీద రాసుకుంది. మళ్లీ బయటికి పంపాం, మళ్లీ మార్చాం. "మొదటిది." మేడం రాసుకుంది.

మూడోసారి చోట్లు మార్చాక, "కేబుల్ వదులైంది" అంటూ ఇంజనీర్ బల్ల మీదికి వంగి ఏదో సర్దాడు. రెప్ప వచ్చింది. ఈసారి రెండు నిమిషాలు గడిచాయి, మూడు గడిచాయి. టై వాచీ చూసుకున్నాడు. నా చొక్కా వీపుకి అతుక్కుపోయింది. ఈ వయసులో ఒక ఆడపిల్ల బతుకుని ఇలాంటి పందెంలో పెట్టానేమిట్రా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

"మూడు మినుకుతున్నాయి సార్" అంది చివరికి. "రెండోది మినుకట్లేదు. కానీ..."

"కానీ?"

"బొమ్మ చిరుగుతోంది. అసలు అందులో ఆగడమే లేదు. బొమ్మ కోసం తెర ఆగే ఆ పద్ధతిని, అదే సింకుని, ఎవరో ఆపేశారు."

మేడం గబగబా రెండో మానిటర్ మెనూ తెరిచింది. నిజంగానే ఆపేసి ఉంది. అందరి చూపూ ఇంజనీర్ వైపు తిరిగింది.

"చెయ్యి తగిలి ఉంటుంది" అన్నాడు.

"నాలుగు మీటలు వరసగా నొక్కితే గానీ అది ఆగదండీ" అని, మేడం మళ్లీ ఆన్ చేసింది. రెప్ప ఒక నిమిషం చూసి తలూపింది. "ఇప్పుడు మచ్చలేదు. ఇదే."

మేడం వెనక గుర్తు చూసి, కాగితం తిప్పి మాకు చూపించింది. మూడుసార్లూ ఒకటే గుర్తు. ఆ కాగితాన్నే ఫొటో తీసి అవతలి పక్షానికి పంపింది, ఫోన్లో బతిమాలింది, కసిరింది. నాలుగూ నలభై ఎనిమిదికి ఒప్పుదల వచ్చింది.

అప్పుడు లిఫ్టు మెకానిక్ ముందుకొచ్చాడు. దొంగ సామాను అని టై వేలెత్తి చూపించిన ఆ సంచిలోంచే స్క్రూడ్రైవర్ తీసి మేడం చేతిలో పెట్టాడు.

"ఇది సరిపోతుందమ్మా" అన్నాడు.

పద్నాలుగు స్క్రూలు ఊడాయి. మూత లేచింది. లోపల, వేడిని లాగే రెక్కల రెక్కల అల్యూమినియం దిమ్మ కింద, కంపెనీ ముద్రతో సహా మాడ్యూల్ ఉంది. టైము నాలుగూ యాభై రెండు.

రెప్ప కుర్చీలోంచి లేవబోయి, లేవలేక, రెండు చేతుల్లో మొహం దాచుకుంది. వాళ్ల నాన్న వెళ్లి కూతురి తల మీద చెయ్యి పెట్టి, "లేమ్మా, ఇంటికెళ్దాం" అన్నాడు. ఆ మాటతో నా గుండెల మీంచి బరువు దిగిపోయింది. దాచుకోవడం దేనికి, నాకు కళ్లు చెమర్చాయి. ఎవరూ చూడకుండా మాడ్యూల్ మీదికి వంగాను.

వంగడం మంచిదే అయింది. పాత టీవీ మెకానిక్ ముక్కు ఊరుకోదు. కాలిన వాసన వచ్చింది. దిమ్మ చుట్టూ బోర్డు గోధుమరంగుకి తిరిగి ఉంది.

"మేడం, ఇది రెండు రోజులకే ఇలా మాడితే, రేపు ఎనిమిది గంటలు నడిస్తే ఏమయ్యేది?"

ఆవిడ కళ్లజోడు దించి చూసి, నెమ్మదిగా ఇంజనీర్ వైపు తిరిగింది. అతను ఇస్త్రీ చొక్కా చేతులు సవరించుకుంటున్నాడు.

సరిగ్గా అప్పుడే స్టోర్ బాబాయ్ వచ్చాడు. అరవై దాటిన మనిషి, చంకలో రిజిస్టరు, చెవి వెనక పెన్ను.

"బాబాయ్, నిన్న స్టిక్కర్లు మార్చింది నువ్వేనా?" అని అడిగాను.

"నేనే బాబూ. మొదటిదాన్నీ మూడోదాన్నీ అటూ ఇటూ మార్చానా, వరస చూస్తే మూడు, రెండు, ఒకటి, నాలుగు! నలభై ఏళ్లు స్టోరు చూసినవాణ్ణి, అది చూస్తూ ఎలా వెళ్లను? పీకి వరసగా అంటించాను. ఏం, తప్పా?"

మేడం తల పట్టుకుంది. "అయ్యో బాబాయ్! మధ్యాహ్నం అడిగితే చెప్పలేదేం?"

"పెట్టె విప్పావా అనడిగారు, విప్పలేదన్నాను. స్టిక్కర్ల మాట ఎవరడిగారమ్మా? అయినా నేను రాయకుండా ఏ పనీ చెయ్యను" అని రిజిస్టరు తెరిచి చూపించాడు. నిన్నటి తేదీ, పన్నెండూ యాభై, ఒకటి మూడు స్టిక్కర్లు మార్చడమైనది. గుండ్రటి అక్షరాలు. పక్కనే, చూసినవారి గడిలో ఒక సంతకం. ఇవాళ్టి తేదీ, పదకొండూ పది.

ఆ సంతకం నాకు బాగా తెలుసు. మా పెళ్లి ఫొటోల ఆల్బం మీద కూడా ఉంది.

"టై, దొంగతనం బయటపడింది పన్నెండింటికి. పదకొండూ పదికే నువ్విది చదివావు. చదివి కూడా ఆ పిల్లని దొంగన్నావా?"

వాడి మొహం పాలిపోయింది. "చెప్పాను బావా! మాడ్యూల్ చూసుకునే ముందు కాపలా ఎలా ఉందో కనుక్కోమని నన్ను పొద్దున్నే పంపారు. ఇది చూసి పదకొండూ ఇరవైకి ఈ ఇంజనీర్‌కే ఫోన్ చేశాను. తను చూసుకుంటానన్నాడు, ఎవరితో అనొద్దన్నాడు. దొంగతనం అన్నాక మళ్లీ అడిగాను. 'ఒకటో నంబరు కూడా చూశాను, మామూలు బోర్డే' అన్నాడు. క్లయింటు మాట కదా అని..."

"ఒకటో నంబరు సీలు ఇప్పుడే, నీ కళ్ల ముందు తీశాం. సీలు తియ్యకుండా లోపలేముందో ఆయన ఎలా చూశాడ్రా? దొంగతనమని గదికి సీలు పడితే రేపటి పరీక్ష ఉండదు, మాడ్యూల్ మాడుతుందని ఎవరికీ తెలీదు, ఆయనకి కావాల్సింది అదే."

వాడు ఆ విప్పిన పెట్టెని చూశాడు, ఇంజనీర్‌ని చూశాడు, తలుపు దగ్గర తండ్రి చెయ్యి పట్టుకుని నిలబడ్డ రెప్పని చూశాడు. పప్పులో కాలేశానని తెలిసిన మొహం అంత స్పష్టంగా నేనెప్పుడూ చూడలేదు. మూర్ఖుడే గానీ దొంగ కాదు. మా ఆవిడకి ఈ రాత్రి చెప్పాల్సిన సంగతి సగానికి సగం తేలికైంది.

ఇంజనీర్ బ్యాగు అందుకున్నాడు. "వ్యాపారంలో పొరపాట్లు జరుగుతాయి. మాడ్యూల్ దొరికింది కాబట్టి ఫిర్యాదు లేదు. నేను బయల్దేరతాను."

తలుపు దాకా వెళ్లాడు. అవతలి నుంచి తలుపు తెరుచుకుంది. ఐదింటికి వస్తానన్న ఎస్సై ఐదింటికే వచ్చాడు.

"దొంగతనం అన్నారు. ఫిర్యాదు ఎవరిస్తున్నారు?"

నేను నోరు తెరవబోయాను. నాకన్నా ముందు టై కదిలాడు. ఇంజనీర్‌కీ తలుపుకీ మధ్య నిలబడి, మెడలోని ముడి సడలించి, టై లాగి జేబులో కుక్కుకున్నాడు. నా దగ్గర మూడేళ్లలో నేర్చుకున్నవాటిలో వాడు మర్చిపోని పని ఒకటుంది. క్లయింటుతో మాట్లాడే ప్రతి ఫోన్ కాల్‌నీ రికార్డు చేస్తాడు.

"నేనిస్తాను సార్" అన్నాడు ఫోన్ బయటికి తీస్తూ. "ఏ తప్పూ చెయ్యని అమ్మాయిని దొంగని చెయ్యబోయారు. అందులో నా చెయ్యి కూడా ఉంది. పదకొండూ ఇరవై నుంచి రాసుకోండి."